అడవిలో రాత్రి బస: నల్లమల నుంచి లంబసింగి దాకా కొన్ని విశేషాలు

తొమ్మిదింటికి గేటు

రాత్రి తొమ్మిదింటికి మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర గేటు పడుతుంది. హైదరాబాద్ నుంచి శ్రీశైలం పోయే రోడ్డు అక్కడి నుంచే అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోకి దిగుతుంది. మళ్లీ పొద్దున ఆరింటికి గాని గేటు లేవదు. అవతల ఆంధ్ర వైపు దోర్నాల నుంచి కొండ ఎక్కే దారికీ ఇదే వేళ. చాలామంది దీన్ని ఇబ్బందిగానే చూస్తారు. కానీ ఆ తొమ్మిది గంటలూ రోడ్డు అడవిదే. చిరుత, ఎలుగు, కణుజు, కుందేలు అన్నీ తిరిగే సమయం అది. హెడ్‌లైటు కళ్లలో పడితే జంతువు ఎటూ కదలక రోడ్డు మధ్యలో నిలబడిపోతుంది. వేగంగా వచ్చే బండి అంతలో ఆగదు.

ఒక కార్తీకమాసంలో నేను ఆ గేటు దగ్గరికి తొమ్మిదీ పదికి చేరాను. ఆలస్యం నాదే, దారిలో కల్వకుర్తిలో టీకని ఆగి కూర్చుండిపోయాను. అప్పటికే ఏడెనిమిది బండ్లు వరసగా ఆగి ఉన్నాయి. ఒక కుటుంబం కారు పక్కనే చాప పరిచి, డబ్బాలో తెచ్చుకున్న పులిహోర నలుగురికీ పెట్టింది. నాకూ ఆకులో ఇంత పెట్టారు. అర్ధరాత్రి దాటాక ఎక్కడో లోపలి నుంచి బొంగురు గొంతుతో ఒక్క కూత వినిపించింది. కాసేపాగి ఇంకోటి. చెక్‌పోస్టు దగ్గర కాపలా ఉన్న చెంచు పెద్దాయన నా ఫోను వెలుగు చూసి, "లైటు బంద్ చెయ్యి సారూ. కణుజు కూసింది, పెద్దది కదిలినట్టుంది" అన్నాడు. అంతే, ఎవరూ మాట్లాడలేదు. పొద్దున గేటు తెరిచేదాకా నేను నిద్రపోలేదు, పోవాలనిపించనూ లేదు. మన కొండ అడవుల్లో రాత్రి ఉండడం గురించి పోగేసుకోవడం ఆనాటి నుంచే మొదలుపెట్టాను. అలా పోగైనవే ఇవి.

పెంట అంటే ఊరు

శ్రీశైలం దారిలో దోమలపెంట, ఈగలపెంట, సున్నిపెంట అనే పేర్లు చూసి కొత్తవాళ్లు ముఖం చిట్లిస్తారు. మైదానంలో పెంట అంటే చెత్తకుప్ప, ఎరువు దిబ్బ. నల్లమలలో మాత్రం పెంట అంటే చెంచులు కాపురముండే గూడెం. అప్పాపూర్ పెంట, ఫర్హాబాద్ పెంట, ఇలా అడవి లోపల ఇప్పటికీ మనుషులున్న పెంటలున్నాయి. మనం బోర్డు మీద చదివి దాటిపోయే ఆ పేర్లలో చాలావాటికి మూలం ఎవరివో నాలుగు గుడిసెలూ ఒక నీటి చెలమే.

చెంచు గుడిసె గుండ్రంగా ఉంటుంది. వెదురు తడికల గోడ, దాని మీద గోపురంలా కోసుగా లేచిన గడ్డి కప్పు. పాతకాలంలో ఎండలు ముదిరితే ఆ ఇల్లు కూడా వదిలేసి, ఇప్పపూలు రాలే చోటుకీ నీళ్లు మిగిలిన చోటుకీ వెళ్లి ఆకుల పందిళ్లు వేసుకునేవారు. నెలకో చోటు, చెట్టు పూతను బట్టి, నీటి మట్టాన్ని బట్టి. మనం ఇవాళ డబ్బు కట్టి గుడారంలో గడిపే రెండు రోజులు వాళ్లకు ఏడాదిలో ఒక రుతువు. ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవ శాస్త్రవేత్త క్రిస్టొఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1940 ప్రాంతంలో అమ్రాబాద్ పీఠభూమి మీద చెంచుల మధ్య మకాం వేసి, చూసిందంతా రాసుకున్నాడు. 1943లో వచ్చిన ఆయన పుస్తకం చెంచుల మీద ఈనాటికీ మొదట తెరవాల్సిన గ్రంథం. ఆయన గురించి చివర్లో మళ్లీ చెబుతాను.

ఫర్హాబాద్ పేరులో సంతోషం ఉంది. ఫరహ్ అంటే ఆనందం. నిజాం వేటకు వచ్చినప్పుడు దిగే బంగళా శిథిలాలు అక్కడున్నాయి. కొండ అంచున నిలబడితే కింద అడవి కనుచూపు మేర పరుచుకుని కనిపిస్తుంది. వేట బంగళా ఉన్న చోటే ఇప్పుడు సఫారీ జీపులు తిరుగుతాయి. తెలంగాణ అటవీశాఖ 2021లో మొదలుపెట్టిన బసలో మన్ననూరులో మట్టి ఇళ్లు, చెట్టు మీద ఇల్లు ఉన్నాయి. వెంట వచ్చి అడవి చూపించేది ఎక్కువగా చెంచు కుర్రాళ్లే. పాదముద్ర చూసి ఆడదా మగదా, రాత్రిదా పొద్దునదా అని చెప్పేస్తారు.

రాష్ట్రం ఒకటిగా ఉన్నప్పుడు నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యం 3,568 చదరపు కిలోమీటర్లు. అప్పట్లో దేశంలోకెల్లా పెద్ద పులుల అభయారణ్యం అదే. విభజన తర్వాత కృష్ణకు ఉత్తరాన ఉన్న భాగం అమ్రాబాద్ అయ్యింది, దాని విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు. కాగితం మీద గీత పడింది గానీ పులి మాత్రం నది ఈదుకుని వస్తూ పోతూనే ఉంది.

కొండకు నాలుగు వాకిళ్లు

శ్రీశైలానికి నాలుగు దిక్కులా నాలుగు ద్వారాలని మనవాళ్లు చెప్పుకుంటారు. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం. మ్యాపు తీసి చూడండి, ఒక్కొక్కటీ ఎంతెంత దూరంలో ఉన్నాయో. ఇంటికి వాకిలి గుమ్మంలో ఉంటుంది గానీ వంద కిలోమీటర్ల అవతల ఉండదు కదా! కాలినడకన పోయేవాడి లెక్క వేరు. వాకిలి దగ్గర దిగి, స్నానం చేసి, బియ్యం ఉప్పు సమకూర్చుకుని, తోడు దొరికేదాకా ఆగి, గుంపుగా అడవిలో అడుగు పెట్టాలి. నా దృష్టిలో అవి ద్వారాలే కాదు, అడవికి ముందు ఆఖరి బసలు కూడా.

ఆత్మకూరు వైపు నుంచి వెళ్లే పాత కాలిబాట ఇంకా బతికే ఉంది. వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాసద్వారం. ఉగాదికి ముందు కన్నడ దేశం నుంచి వేలమంది ఇదే దారిన నడిచి వస్తారు. భ్రమరాంబను తమ ఇంటి ఆడపడుచుగా భావించి చీర, గాజులు తెచ్చే అలవాటు వాళ్లది. చెప్పులు లేకుండా నడిచేవాళ్లే ఎక్కువ, కొందరు కర్రకాళ్ల మీద కూడా వస్తారు. రాత్రయితే చెరువు గట్టునే పడక. దారిపొడవునా అన్నదానం పందిళ్లు, కాళ్లకు కట్లు కట్టే శిబిరాలు వెలుస్తాయి. శ్రీశైలానికీ అహోబిలానికీ రాతిమెట్లు కట్టించిన వాడిగా 14వ శతాబ్దపు రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డికి పేరు. ఆ మెట్ల మీద అడుగు పడి పడి మధ్యభాగం గిన్నెలా అరిగిపోయి కనిపిస్తుంది. వాన పడితే ఆ గుంటలో నీళ్లు నిలుస్తాయి.

1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య ముందుగా అహోబిలం, శ్రీశైలం చూసుకునే వెళ్లాడు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ ఉద్యోగం చేసినవాడు కాబట్టి, లెక్కపత్రం చక్కగా రాసే చెయ్యి ఆయనది. ఏ మజిలీలో నీళ్లు మంచివి, ఎక్కడ బజారు ఉంది, ఎక్కడ సామాను దొరకదు అని రోజువారీగా రాసిపెట్టాడు. 1838లో అచ్చయిన ఆయన కాశీయాత్ర చరిత్రను నేను యాత్రా సాహిత్యంగా ఎంత ఇష్టపడతానో, బస చేయడానికి పనికొచ్చే పుస్తకంగా కూడా అంతే ఇష్టపడతాను. చోటు గురించి ఏం చెబితే వెనక వచ్చేవాడికి ఉపయోగమో ఆయనకు తెలుసు: నీళ్లు, నీడ, తిండి, భయం. ఈ నాలుగూ చెప్పిన తర్వాతే అందం.

దేవుడూ ఇల్లు వదిలి బయలుదేరతాడు

అహోబిలంలో జరిగే పార్వేట గురించి వినని తెలుగువాళ్లు చాలామందే ఉంటారని నా బాధ. సంక్రాంతి వెళ్లిన కనుమ నాడు నరసింహస్వామి పల్లకి ఎక్కుతాడు. ఎగువ అహోబిలం జ్వాలా నరసింహుడూ, దిగువ అహోబిలం ప్రహ్లాదవరదుడూ ఇద్దరూ ఒకే పల్లకిలో. అక్కడి నుంచి దాదాపు నలభై రోజులు నల్లమల అంచున ముప్పైకి పైగా ఊళ్లు తిరుగుతారు. ఎందుకంటే, ఫాల్గుణంలో జరిగే తన కల్యాణానికి జనాన్ని పిలవడానికి! పెళ్లికొడుకే ఊరూరా తిరిగి శుభలేఖ ఇచ్చినట్టు.

ప్రతి ఊళ్లోనూ పల్లకి దించడానికి ఒక అరుగు ఉంటుంది. దాన్ని తెలుపు అంటారు. స్వామి వచ్చే రోజున ఆ తెలుపు కడిగి, సున్నం కొట్టి, ముగ్గు పెడతారు. ఏడాదిలో మిగతా రోజులు దాని మీద పిల్లలు ఆడుకుంటారు, ముసలివాళ్లు కూర్చుంటారు. బయటివాళ్లకు మామూలు గట్టులా కనబడుతుంది. ఆ ఊళ్లకు పార్వేటే పండగ, అల్లుళ్లు కూతుళ్లు అప్పుడే పుట్టింటికి వస్తారు. చెంచులక్ష్మిని చేసుకున్నాడు కాబట్టి నరసింహుడు చెంచులకు అల్లుడు. అడవిలోకి దేవుడొచ్చినా, వచ్చింది అత్తవారింటికన్న మాట.

పచ్చర్ల చెట్టు తొర్రలో

నంద్యాల నుంచి గిద్దలూరు వెళ్లే ఘాట్ దారిలో పచ్చర్ల దగ్గర అటవీశాఖ వారి విడిది ఉంది. ఆత్మకూరు దగ్గర బైర్లూటిలో మరొకటి. రెండు చోట్లా గుడారాలు, గదులు, జీపులో అడవి చూపించే ఏర్పాటు ఉంటాయి. పచ్చర్లలో దిగినవాళ్లు చిరుత కోసం మెడలు నిక్కించి చూస్తారు గానీ, ప్రపంచంలో ఇంకెక్కడా లేని జీవి ఒకటి ఆ చుట్టుపక్కలే ఉందని చాలామందికి తెలియదు. అది నీలం రంగు సాలీడు. చిన్నాచితకా నీలం కాదు, నెమలి మెడ మీద మెరిసే నీలం. అరచేయంత ఉంటుంది.

దీన్ని మొదట 1899లో శాస్త్రలోకానికి పరిచయం చేశారు. దొరికింది మాత్రం గుత్తి రైల్వే కలప యార్డులో. అందుకే ఇంగ్లిష్ పేరులో ఇప్పటికీ గుత్తి ఉంది. నల్లమల నుంచి దుంగలతో పాటు బండెక్కి వచ్చిందన్న మాట. ఆ తర్వాత నూరేళ్లు ఎవరి కంటా పడలేదు. 2001లో నంద్యాలకూ గిద్దలూరుకూ మధ్యనున్న అడవిలో మళ్లీ కనిపించింది. పాత చెట్ల తొర్రల్లో ఉంటుంది, పగలు బయటికి రాదు. దాని బతుకంతా ఆ కాస్త అడవిలోనే. వంటచెరకు కోసం ఒక ముసలి చెట్టు కొడితే దాని ఇల్లు పోయినట్టే. కాబట్టి ఆ దారిలో బస చేసేవాళ్లు ఎండుచెట్టు కదా అని కొమ్మలు విరిచి మంట వేయకూడదు. తొర్ర ఉన్న చెట్టును మనం పనికిరానిది అంటాం. అడవిలో దానికే గిరాకీ ఎక్కువ.

అలాంటిదే కలివికోడి కథ. కడప దగ్గర లంకమల కొండల పాదంలో ముళ్లపొదల మధ్య రాత్రిళ్లు మాత్రమే తిరిగే పిట్ట. అంతరించిపోయిందనే అందరూ అనుకున్నారు. 1986లో స్థానిక వేటగాళ్ల సాయంతో మళ్లీ దొరికింది. శాస్త్రవేత్తలకు పోయిన పిట్ట ఊరివాళ్లకు ఎప్పుడూ పోలేదు, దాని పేరు వాళ్ల నోట్లో ఉండనే ఉంది.

ముసాఫరు బంగళా

హోటళ్లు లేని రోజుల్లో కొండ మీద తెల్లదొరలకు, తర్వాత మన అధికారులకు బస ముసాఫరు బంగళాలే. ముసాఫిర్ అంటే బాటసారి. ఎత్తైన కప్పు, చుట్టూ వసారా, నీళ్లు కాచే ఇత్తడి బాయిలరు, వెనక వంటగది, దానికొక వాచ్‌మన్. ఆ వాచ్‌మన్ వండే నాటుకోడి కూర గురించి పాత ఉద్యోగస్తులు ఇప్పటికీ చెప్పుకుంటారు. మదనపల్లె దగ్గర హార్స్‌లీ కొండ అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. మల్లమ్మ అనే పసిపిల్లను ఏనుగులు సాకాయని అక్కడి కథ. కడప కలెక్టరు హార్స్‌లీ 1870 ప్రాంతంలో వేసవికి ఇల్లు కట్టుకోవడంతో కొండకు ఆయన పేరు స్థిరపడిపోయింది. నాకైతే మల్లమ్మ పేరే వినసొంపు. అక్కడికెళ్లినప్పుడు ఆ పేరుతోనే దారి అడుగుతాను. ముసలివాళ్లు వెంటనే చెబుతారు.

తలకోనలో రాత్రి ఉండాలంటే జలపాతానికి కాస్త ఇవతలే అటవీశాఖ గదులున్నాయి. పగటి జనం సాయంత్రానికి దిగిపోయాక, 270 అడుగుల ఎత్తు నుంచి నీళ్లు పడే చప్పుడొకటే మిగులుతుంది. కార్తీకంలో వెళ్లండి.

కొర్రబయలు

లంబసింగికి ఊరివాళ్లు పెట్టుకున్న పాత పేరు కొర్రబయలు. కొర్ర అంటే అక్కడి మాటలో కర్ర. ఆరుబయట పడుకున్నవాడు తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరు. బస గురించిన హెచ్చరిక ఊరి పేరులోనే ఉండడం నేను ఇంకెక్కడా చూడలేదు.

సముద్రమట్టానికి ఇంచుమించు 1,000 మీటర్ల ఎత్తు అది. కిలోమీటరు పైకెక్కితే వేడి సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది కదా, మరి విశాఖలో పద్దెనిమిది ఉన్న రాత్రి లంబసింగిలో పదకొండో పన్నెండో ఉండాలి. అంతకంటే చాలా కిందికి ఎందుకు దిగుతుంది? ఆ లోయ ఆకారమే కారణం. మబ్బులేని డిసెంబరు రాత్రి నేల తన వేడినంతా ఆకాశానికి వదిలేస్తుంది. దానికి ఆనుకున్న గాలి చల్లబడి బరువెక్కి, నీళ్లు పల్లానికి పారినట్టు కొండవాలు మీద నుంచి జారి గిన్నెలాంటి లోయలో నిలుస్తుంది. తెల్లవారుజామున గడ్డి మీద మంచు తెల్లగా పేరుకునేది అందుకే. కాబట్టి గుడారం వేసేవాళ్లు లోయ అడుగున, చెరువు పక్కన వేయకూడదు. పదిహేను ఇరవై మీటర్లు పైన, వాలు మీద వేసుకుంటే గాలిలో తేడా ఒంటికి తెలుస్తుంది.

ఇంకో సంగతి. చలికి భయపడి గుడారం జిప్పులన్నీ బిగించుకుని పడుకుంటే తెల్లారేసరికి లోపల బట్టంతా నీళ్లు కారుతూ ఉంటుంది. వాన కాదు, మంచు కాదు, మన ఊపిరే. పైన చిన్న సందు వదలాలి. చలి ఎక్కువగా లాగేది కూడా పైనుంచి కాదు, కింద నేల నుంచి. దగ్గర్లోని తాజంగిలో ఒక ఇంటావిడ నా దుప్పట్లు చూసి, "మీద రెండు కప్పుకుంటే ఏం లాభం బాబూ, కింద గడ్డి వెయ్యి" అని తన పశువుల కోసం దాచిన ఎండుగడ్డి ఒక మోపు తెచ్చి పరిచింది. డబ్బులిస్తే తీసుకోలేదు. ఆ రాత్రి పట్టిన నిద్ర ఇంకెక్కడా పట్టలేదు. ఎండుగడ్డి వాసనకు అప్పుడప్పుడూ ఇప్పటికీ ఆ ఊరు గుర్తొస్తుంది.

నర్సీపట్నం నుంచి లంబసింగి ఎక్కే ఘాట్ మీద తెల్లారగట్ల నాలుగింటికి కార్లు బారులు తీరతాయి, మంచు చూడాలని. ఆ రోడ్డు సంగతి తెలిసి ఎక్కితే బాగుంటుంది. గూడెం ప్రాంతంలో రోడ్ల పనికి బాస్టియన్ అనే తహశీల్దారు గిరిజనులను బలవంతంగా లాక్కొచ్చి, కూలి సరిగా ఇవ్వకుండా పని చేయించాడు. ఆ కడుపుమంట అల్లూరి సీతారామరాజు తిరుగుబాటుకు ఉన్న కారణాల్లో ఒకటి. 1922 ఆగస్టు 22న ఆయన దళం మొదట దాడి చేసిన చింతపల్లి పోలీసు ఠాణా లంబసింగి దాటాక అదే దారిలో ఉంది. ఠాణాలో తుపాకులు తీసుకుని, వాటికి రశీదు రాసిచ్చి మరీ వెళ్లిన మనుషులు వాళ్లు. రాత్రిళ్లు ఏ గుహలో, ఏ పొలం గుడిసెలో తలదాచుకున్నా, అన్నం పెట్టింది ఆ కొండల మీది ఇళ్లే. అలా పెట్టినందుకు ఆ ఇళ్లవాళ్లు పడ్డ దెబ్బలు మన్యం ఇంకా మర్చిపోలేదు.

మబ్బుల సముద్రం ఎంతసేపు?

పాడేరు దగ్గర వంజంగి కొండ ఎక్కితే కాళ్ల కింద మబ్బులు పాలకడలిలా కనిపిస్తాయి. ఇది కూడా లంబసింగి లెక్కే. చల్లగాలి లోయలో నిలిచి, దానిలోని తేమ మంచుగా మారుతుంది. దాని పైన వెచ్చటి గాలి మూతలా ఉంటుంది కాబట్టి పైకి లేవదు. మనం మూత పైన నిలబడి చూస్తాం. ఎండ ఎక్కి నేల వేడెక్కగానే, సుమారు ఎనిమిదింటికో తొమ్మిదింటికో అంతా విడిపోతుంది. అందుకే విశాఖ నుంచి పొద్దున బయలుదేరినవాళ్లకు కొండ మాత్రమే కనిపిస్తుంది. ముందు రాత్రి పాడేరులో బస చేసి, చీకటితోనే ఎక్కాలి. దిగేటప్పుడు మీ నీళ్ల సీసా మీ సంచిలోనే ఉండాలి. ఆ కొండ మీద సీసాలు, గ్లాసులు చూసి నాకు కన్నీళ్లొచ్చినంత పనైంది.

వెదురే గిన్నె

రంపచోడవరం దాటి మారేడుమిల్లి చేరేసరికి రోడ్డు పక్కన పొగలు లేస్తుంటాయి. బొంగులో చికెన్. పట్నంలో ఇప్పుడు ఏ హోటల్లో చూసినా ఈ పేరుంది గానీ, అడవిలో చూస్తేనే అందులోని తెలివి తెలుస్తుంది.

బొంగు పచ్చిదై ఉండాలి, అప్పుడే కొట్టినది. ఒక వైపు కణుపు ఉంచి రెండో వైపు తెరిచి కోస్తారు, పొడుగాటి గ్లాసులా. ఉల్లి, అల్లం వెల్లుల్లి, పచ్చిమిర్చి, ఉప్పూ కారం పట్టించిన కోడిమాంసం అందులో కూరుతారు. నూనె చుక్క వెయ్యరు. మూతికి అడ్డాకు మడిచి బిరడాలా బిగిస్తారు. నిప్పుల మీద ఏటవాలుగా ఆనించి, బొంగును మెల్లగా తిప్పుతూ ఉంటారు. వెదురు ఎందుకు అంటుకోదంటే, దాని గోడలో నీరుంటుంది. ఆ నీరంతా ఆవిరయ్యేదాకా గోడ కాలదు, లోపల ఆ ఆవిరికే మాంసం ఉడుకుతుంది. ఎండు బొంగు పెడితే కూరతో సహా మండిపోతుంది. పచ్చటి పైతోలు ముందు పసుపురంగుకు తిరిగి, తర్వాత గోధుమ, తర్వాత నల్లబడుతుంది. ఆకు బిరడా చుట్టూ బుడగలు వచ్చి, వాసన మారుతుంది. "ఇప్పుడు తియ్యొచ్చు" అని వండే అమ్మాయి ముక్కుతోనే తేల్చింది. అడ్డాకులోనే వంపింది. గిన్నె కడిగే పని లేదు, మోసుకెళ్లే పనీ లేదు. అడవిలో తిరిగేవాడు గిన్నె భుజాన వేసుకోకుండా, దొరికిన చోట దొరికిన గిన్నె చేసుకున్నాడు.

మారేడుమిల్లికి దగ్గర వాలమూరులో ఏటి ఒడ్డున జంగిల్ స్టార్ అనే విడిది ఉంది. వాలి సుగ్రీవులు కొట్టుకున్నది ఇక్కడేనని ఊరివాళ్లు చెబుతారు. అటవీశాఖతో కలిసి దాన్ని నడిపేది అక్కడి వన సంరక్షణ సమితి, అంటే ఆ ఊరి గిరిజనులే. బుకింగ్ చూసేది, వండేది, గుడారం వేసేది, వెంట నడిచేది వాళ్లే. ఏ కొండకు వెళ్లినా ముందుగా నేను అడిగేది ఈ ఒక్కటే: ఈ బస ఎవరిది? డబ్బు ఎవరింటికి చేరుతుంది? ఊరివాళ్లది అయితే పరుపు కాస్త గట్టిగా ఉన్నా నాకు ఫర్వాలేదు.

పుష్ప సినిమా చూసినవాళ్లకు మారేడుమిల్లి అడవి ఇప్పటికే పరిచయం. కథ శేషాచలం ఎర్రచందనానిది, చిత్రీకరణ ఎక్కువగా ఇక్కడ జరిగింది. ఎర్రచందనం మాత్రం మారేడుమిల్లిలో పెరగదు. అది కడప, చిత్తూరు వైపు ఎండుకొండలను వదిలి రాదు.

నెగడు

చలిమంటకు తెలుగులో ఉన్న అచ్చమైన మాట నెగడు. పొలం కాపలా మంచె కింద, గూడెం నడిమి వాకిట్లో నెగడు రాత్రంతా ఉండాల్సిందే. జంతువులు దూరంగా ఉంటాయి, మనుషులు దగ్గరవుతారు. కానీ అభయారణ్యంలో నెగడు మన ఇష్టం కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా లోపలికి వెళ్లడమూ, నిప్పు పెట్టడమూ నేరాలే. నల్లమలలో మాఘం వెళ్లేసరికే ఆకు రాలి గలగలమంటుంది. జూన్ వానల దాకా ఒక్క బీడీ ముక్క చాలు, కొండ తగలబడడానికి. అటవీశాఖవాళ్లు ఎండాకాలానికి ముందే బాటల పొడవునా ఆకు ఊడ్చి, నిప్పు దాటకుండా ఖాళీ గీతలు చేస్తారు. వేలెడు మందం ఆకును మైళ్ల కొద్దీ ఊడ్చే ఆ చేతులు ఎక్కువగా చెంచులవి. విడిదిలో చలిమంటకు చోటు చూపిస్తే అక్కడే వేసుకోండి, లేదంటే దుప్పటితో సరిపెట్టుకోండి.

సలేశ్వరం పిలుపు

అమ్రాబాద్ అడవి లోపల సలేశ్వరం జాతర చైత్ర పౌర్ణమికి మూణ్నాలుగు రోజులే. మిగతా ఏడాదంతా ఆ దారి మూసే ఉంటుంది. లోతైన లోయ, పైనుంచి సన్నగా పడే నీటిధార, రాతి కప్పు కింద లింగమయ్య. పూజారులు చెంచులే. దిగేటప్పుడు వస్తున్నామని లింగమయ్యకు కేకేసి చెబుతారు, ఎక్కేటప్పుడు వెళ్లొస్తామని చెబుతారు. వేలమంది ఒకే గొంతుతో వస్తున్నామంటుంటే లోయ అటువైపు నుంచి అదే మాట తిరిగి వస్తుంది. ఎదురుపడినవాళ్లు తెలిసినా తెలియకపోయినా ఆ మాటే పలకరింపు. నా వెనక నడుస్తున్న ఒక పెద్దావిడ మోకాళ్లు పట్టేస్తే రాయి మీద కూర్చుని, "లింగమయ్యా, కూసున్న, వస్త" అని లోయలోకి చెప్పింది. పక్కింటాయనతో చెప్పినట్టే.

మార్లవాయి ఇల్లు

హైమన్‌డార్ఫ్ గురించి చెబుతానన్నాను. కొమరం భీమ్ 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకుని రమ్మని నిజాం ప్రభుత్వం ఆయన్ని ఆదిలాబాద్ కొండలకు పంపింది. ఆయనా, భార్య బెట్టీ ఎలిజబెత్ మార్లవాయి అనే గోండు గూడెంలో గడ్డికప్పు ఇంట్లో మకాం పెట్టారు. గోండి నేర్చుకున్నారు. భూమి పోవడమే అసలు బాధని ప్రభుత్వానికి రాశారు. 1943లో ఆ ఊళ్లోనే గోండు పిల్లల కోసం టీచర్లను తయారుచేసే శిక్షణ కేంద్రం మొదలైంది. తర్వాత నలభై ఏళ్లు ఎక్కడెక్కడో తిరిగినా మళ్లీ మళ్లీ ఆ గూడేనికి వస్తూనే ఉన్నారు.

బెట్టీ 1987 జనవరిలో హైదరాబాద్‌లో కన్నుమూస్తే ఆమెను మార్లవాయికి తీసుకొచ్చి సమాధి చేశారు. 1995లో లండన్‌లో పోయిన ఆయన అస్థికలు కూడా తర్వాత ఆమె పక్కకే చేరాయి. జైనూరు దాటి ఆ ఊరు వెళ్లినవాళ్లకు చెట్ల నీడలో ఆ రెండు సమాధులూ కనిపిస్తాయి. ఏటా జనవరి 11న గోండులు అక్కడ చేరి, తమ వాళ్లకు చేసినట్టే చేస్తారు.